తగలేసిన తెప్పకే మళ్ళీ టికెట్

ఖరీదైన ఓడలో ఒక్కసారి తిరిగొచ్చిన మనిషిని మళ్ళీ చౌక ఓడ ఎక్కనివ్వకూడదు. ఈ మేరకు అంతర్జాతీయ చట్టం ఒకటి రావాలి. మంచుకొండల నుంచి, నిప్పు నుంచి, తుపాన్ల నుంచి ప్రయాణికుల్ని కాపాడటానికి దేశాలన్నీ కూర్చుని ఎన్నో ఒప్పందాలు రాసుకున్నాయి. పక్క టేబుల్ దగ్గర చేరి "క్వీన్ మేరీలో అయితేనా..." అని మొదలెట్టే పెద్దమనిషి నుంచి కాపాడే ఒప్పందం మాత్రం ఒక్కటీ లేదు. ఓడెక్కిన ప్రతివాడికీ లైఫ్ జాకెట్ ఇస్తారు. చెవుల్లో పెట్టుకునే దూది ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.

ఈ పెద్దమనిషి మీకు గాల్వెస్టన్ రేవులో దొరుకుతారు. టెక్సస్ తీరంలో ఊరు. హ్యూస్టన్ నుంచి కారులో గంట, డాలస్ నుంచి దాదాపు ఐదు గంటలు. సెలవులొస్తే అక్కడి క్యూలో తెలుగు బాగానే వినపడుతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు నయాగరా చూపించేశాక కూడా వీసా గడువు మిగిలిపోయినవాళ్ళు సముద్రం మీద పడతారు. ఏడు రాత్రులు, మెక్సికోలో కోజుమెల్, హోండురాస్‌లో రోవటాన్, గదీ తిండీ కలిపి ఒకటే టికెట్. మన పెద్దమనిషీ అలా మొదలైనవారే. మొదటిసారి కార్నివాల్ ఓడెక్కినప్పుడు, గది శుభ్రం చేసే కుర్రాడు తువ్వాలును మడిచి మంచం మీద ఏనుగును చేసి పెడితే దాని ఫోటో మూడు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. అర్ధరాత్రి లేచి వెళ్ళి ఐస్‌క్రీమ్ మెషిన్ నిజంగానే ఆగలేదా అని చూసొచ్చారు. ఆగలేదు. అమెరికా అంటే ఇదీ అన్నారు.

తర్వాత కంపెనీ షేర్లు పెరిగాయి. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు క్వీన్ మేరీ 2లో అట్లాంటిక్ దాటారు. ఆ తర్వాత షేర్లు తగ్గాయి, అమ్మాయి కాలేజీ ఫీజు పెరిగింది. ఏరు దాటి తెప్ప తగలేశారు సరే, తీరా చూస్తే ముందు ఇంకో ఏరు. మళ్ళీ గాల్వెస్టన్, మళ్ళీ ఆ తెప్పే.

ఓడలో కాలు పెట్టిన దగ్గర్నుంచి మొదలు. "ఏంటీ జాతర? క్వీన్ మేరీలో మధ్యాహ్నం మూడున్నర అయ్యేసరికి తెల్ల గ్లవ్స్ వేసుకున్న వెయిటర్లు వచ్చి టీ పోసేవాళ్ళు. ఇక్కడేమో డీజే! పైగా ఎవరి ఛాతీ మీద వెంట్రుకలు ఎక్కువని పోటీ!" ఆ పోటీ కల్పన కాదు. కార్నివాల్ ఓడల్లో పూల్ పక్కన ఏళ్ళ తరబడి నడుస్తున్న ఘన సంప్రదాయం. "పోయినసారి మీరూ పేరిచ్చారు కదండీ" అని భార్య గుర్తుచేయబోతే, ఆయన సముద్రం వైపు తిరిగి ఏదో పక్షిని చూస్తున్నట్టు నిలబడ్డారు.

ఇంతకీ ఆ క్వీన్ మేరీలో ఈయన కూర్చున్నది ఎక్కడ? ఆయన చెప్పరు కాబట్టి మనమే చెప్పుకోవాలి. క్వీన్ మేరీ 2లో ఏ గది కొన్నావో దాన్ని బట్టే ఏ హాల్లో తినాలో ఉంటుంది. పెద్ద సూట్ల వాళ్ళకు క్వీన్స్ గ్రిల్, వాళ్ళ తర్వాతి వాళ్ళకు ప్రిన్సెస్ గ్రిల్, మిగతా లోకంలో ఎక్కువమందికి బ్రిటానియా రెస్టారెంట్. గ్రిల్స్ వాళ్ళకు లాంజ్ వేరు, ఎండలో కూర్చునే టెర్రేస్ కూడా వేరు. ఈయనది బ్రిటానియా, అందులోనూ కిటికీ లేని లోపలి గది. అట్లాంటిక్ మీద ఉన్నన్ని రోజులూ అట్లాంటిక్‌ను చూడాలంటే బయటికి నడవాల్సిందే. అదే ఓడలో కుక్కలకు ప్రత్యేకం గదులున్నాయి. 2016లో ఓడను బాగుచేసినప్పుడు, ఏ దేశపు కుక్కకూ ఇంటి మీద బెంగ కలగకుండా న్యూయార్క్ తరహా ఫైర్ హైడ్రెంట్ ఒకటీ, లివర్‌పూల్ దీపస్తంభం ఒకటీ పెట్టారు. కాలెత్తే చోటు విషయంలో కుక్కలకు దొరికిన మర్యాద, కాలు పెట్టే చోటు విషయంలో మనవారికి దొరకలేదు. గ్రిల్స్ గుమ్మం దగ్గర ఒక ఫోటో మాత్రం దిగారు. ఆ ఫోటో చూసినవాళ్ళు ఆయన లోపలి నుంచి బయటికి వస్తున్నారనుకున్నారు. ఆయన కాదనలేదు.

బ్రిటానియా పేరుకూ ఒక కథ ఉంది. క్వీన్ మేరీ 2ను నడిపే క్యునార్డ్ కంపెనీ 1840లో అట్లాంటిక్ మీద నడిపిన ఆవిరి ఓడ పేరది. 1842లో అందులో అమెరికా వెళ్ళిన చార్లెస్ డికెన్స్ తన గది ఎంత ఇరుకో పుస్తకంలో కడుపారా రాసుకున్నాడు. తిరుగు ప్రయాణంలో ఆవిరి ఓడ జోలికే పోకుండా తెరచాప ఓడెక్కాడు. అంటే మన పెద్దమనిషి పరువుగా చెప్పుకునే వంశంలో ఇరుకు గది గురించిన సణుగుడు మొదటి తరం నుంచీ ఉంది.

అసలు ముల్లు ఇంకోటుంది. ఆయన నెత్తిన పెట్టుకున్న ఓడకూ, ముక్కు మూసుకున్న ఓడకూ యజమాని ఒకరే. కార్నివాల్‌ను మొదలెట్టిన టెడ్ ఆరిసన్ ఒక పాత ఓడను సంపాదించి, మార్డి గ్రా అని కొత్త పేరు పెట్టి, 1972 మార్చిలో మయామీ నుంచి తొలి ప్రయాణానికి బయల్దేరదీశాడు. టికెట్లు అమ్మిపెట్టాల్సిన ట్రావెల్ ఏజెంట్లను వందలకొద్దీ ఎక్కించుకున్న ఆ ఓడ, ఊరు కనపడుతుండగానే ఇసుక దిబ్బ మీద కూర్చుంది. అదీ కార్నివాల్ ప్రారంభోత్సవం. 1974లో ఆరిసన్ భాగస్వామి వాటాను ఒక్క డాలరుకు కొని, దాంతోపాటు 50 లక్షల డాలర్ల అప్పును నెత్తికెత్తుకున్నాడు. మొదటిసారి సముద్రం ఎక్కేవాళ్ళకు, సూటు లేనివాళ్ళకు, సూటు ఉన్నా సెలవుల్లో వేసుకోవడం ఇష్టంలేనివాళ్ళకు చవగ్గా టికెట్లు అమ్మాడు. అలా పోగైన బీరు డబ్బుతో, కేసినో డబ్బుతో కంపెనీ 1989లో హాలండ్ అమెరికాను కొంది. 1998లో క్యునార్డ్‌ను కొంది. 2003లో పీ అండ్ ఓ ప్రిన్సెస్‌ను కలుపుకుంది. 2004 జనవరిలో సౌతాంప్టన్‌లో ఎలిజబెత్ రాణి వచ్చి క్వీన్ మేరీ 2కు నామకరణం చేసింది. ఆ ఓడ కట్టిన డబ్బులో ఛాతీ వెంట్రుకల పోటీ వాటా ఎంతో రాణీగారికి ఎవరూ చెప్పి ఉండరు.

సంప్రదాయం సంగతీ అంతే. 2011 దాకా ఆ ఓడ వెనక సొంత రేవు సౌతాంప్టన్ అని రాసి ఉండేది. సముద్రం మీద పెళ్ళిళ్ళు జరిపించే వీలు కోసం దాన్ని చెరిపి బెర్ముడాలోని హామిల్టన్ అని రాశారు. రాజవంశం కూడా పెళ్ళి ప్యాకేజీ ముందు తలవంచింది.

అయితే తేడా ఏమీ లేదా? ఉంది. న్యాయంగా చెప్పాలి. గాల్వెస్టన్ నుంచి నడిచే కార్నివాల్ జూబిలీ క్వీన్ మేరీ 2 కన్నా పెద్దది. సుమారు 1,83,000 గ్రాస్ టన్నులు. క్వీన్ మేరీ సుమారు 1,49,000. ఈ టన్నులు బరువు కాదు, ఓడ లోపలి చోటు కొలత. జూబిలీలో గదికి ఇద్దరు చొప్పున లెక్కేసినా 5,200 మందికి పైనే పడతారు. క్వీన్ మేరీలో దాదాపు 2,700. భాగించి చూడండి. అక్కడ తలకు 55, ఇక్కడ తలకు 35. సెలవుల్లో పిల్లలు మూడో మంచం, నాలుగో మంచం ఎక్కితే ఇంకా తక్కువ. ఆయన ఎక్కువ డబ్బు పెట్టి కొన్నది ఈ చోటునే. లిఫ్టు దగ్గర తక్కువమంది, ఆమ్లెట్ దగ్గర చిన్న క్యూ, కారిడార్‌లో నిశ్శబ్దం. దానికి అంత పెట్టాలా అంటే ఎవరి జేబు వాళ్ళిష్టం. "డబ్బులు పెట్టి ఖాళీ కొనుక్కున్నాను, ఈసారి డబ్బుల్లేవు" అని ఆయన ఒక్క ముక్క చెప్తే నేనీ వ్యాసం మూసేసి ఇంటికి పోతాను.

ఆయన అలా చెప్పరు. "ఇక్కడికొచ్చే జనం..." అంటారు. వాక్యం పూర్తిచేయరు. కనుబొమ్మలతో పూర్తిచేస్తారు.

ఎవరా జనం? బామ్మ పుట్టినరోజుకని ముప్ఫైమంది ఒకే రంగు టీషర్టులు కుట్టించుకుని వచ్చిన కుటుంబం. ఏడాదంతా ఓవర్‌టైమ్ చేసి పిల్లలకు సముద్రం చూపిస్తున్న నర్సు. వీపు మీద పచ్చబొట్టంత పెద్ద నవ్వున్న లారీ డ్రైవరు. వీళ్ళలో ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. ఆయన ఖాళీ లేదని తిట్టుకుంటున్న కుర్చీల సంగతంటారా, పొద్దున్నే ఆరింటికి పూల్ పక్కన నాలుగు కుర్చీల మీద తువ్వాళ్ళు పరిచి టిఫినుకు పోయింది ఎవరో విచారిస్తే మంచిది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపిన జాతికి ఈ విద్య ఒకరు నేర్పాలా? మనిషి లేని కుర్చీని 40 నిమిషాల తర్వాత ఖాళీ చేయిస్తామని కార్నివాల్ రూలు పెట్టింది. ఆయన తువ్వాలు తీసి పక్కన పెట్టినరోజున ఆ రూలును కూడా చౌక ఓడ లక్షణాల్లో చేర్చారు. క్వీన్ మేరీలో ఒక తెలుగు కుటుంబం కనపడితే వెతుక్కుంటూ పోయి "మీదే ఊరండీ?" అన్న మనిషి, ఇక్కడ పెసరట్టు గురించి మాట వినపడితే లిఫ్టు మారుతున్నారు.

ఈ కనుబొమ్మల భాష మనకన్నా ముందు ఓడ కంపెనీలకు అర్థమైంది. ఏవగింపు ఉన్నచోట గిరాకీ ఉంటుంది. ఎంఎస్‌సీ వాళ్ళు 2008లో తమ ఫాంటాసియా ఓడలో యాట్ క్లబ్ అని ఓడలోనే ఇంకో ఓడ కట్టారు. నార్వీజియన్ వాళ్ళది హేవెన్. లోపలివాళ్ళకు వేరే పూల్, వేరే భోజనం, కార్డు చూపిస్తేనే తెరుచుకునే తలుపు. సరదా తప్ప హోదా ఎరగనన్న కార్నివాల్ కూడా జూబిలీలో లోఫ్ట్ 19 అని పైడెక్కు మీద ఒక మూల కేటాయించి, పెద్ద సూట్ల వాళ్ళకు ఉచితంగా అప్పగించింది. చౌక ఓడలో ఉంటూనే చౌక ఓడను చిన్నచూపు చూసే సౌకర్యం అన్నమాట. కింద జనం లేకపోతే ఆ అద్దాల గోడకు రేటు పలకదు. టీషర్టుల బామ్మకు ఇందులో కమీషను రావాలి, ఇవ్వరు.

బిల్లు సంగతికొస్తే ఆయన జ్ఞాపకశక్తి అద్భుతం. "అక్కడ ఇలా ప్రతిదానికీ గీకించుకోలేదు" అంటారు కార్డు చూపిస్తూ. బ్రిటానియా ప్రయాణికుడికి అక్కడా బార్ బిల్లు వేరే, రోజువారీ టిప్పు వేరే. అక్కడ తోలు ఫోల్డరులో వచ్చిన అంకె ఆయన కళ్ళకు అలంకారంలా కనపడింది. ఇక్కడ కాగితం మీద వస్తే దోపిడీ. ఆ మాటకొస్తే ఇక్కడి మద్యం ప్యాకేజీ దోపిడీ కాదని నేనూ అనను. రోజుకు 15 గ్లాసుల దాకా పరిమితి, ఒక గదిలో ఒకరు కొంటే ఆ గదిలోని పెద్దవాళ్ళంతా కొనాలి. ఆయన తాగుడుకు, మజ్జిగ తప్ప ముట్టని ఆవిడ కూడా చందా కట్టింది.

టిప్పు మీద ఇంకా గొడవ. 2023లో కార్నివాల్ మామూలు గదులకు రోజుకు తలా 16 డాలర్లు చేసింది. అది ఎక్కువని ఆయన కౌంటరు దగ్గర వాదించారు. టీ పోసిన తెల్ల గ్లవ్స్ చేతిదీ, ఇక్కడ పళ్ళేలు తీసే చేతిదీ చాలాసార్లు ఒకే ఊరు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మన గోవా. నెలల తరబడి కాంట్రాక్టు, వారానికి సెలవు లేని పని. నావికుల పనిపై 2006 నాటి అంతర్జాతీయ ఒప్పందం హామీ ఇచ్చేది రోజుకు కనీసం 10 గంటల విశ్రాంతి. అంటే ఒక రోజులో పని 14 గంటల దాకా సాగవచ్చు. అక్కడ "ఎక్స్‌క్యూజ్ మీ" అని గొంతు తగ్గించి పిలిచి, పంచదార ఎక్కువైన టీని కూడా మాట్లాడకుండా తాగేసిన మనిషి, ఇక్కడ వెయిటర్ కోసం చిటికెలు వేస్తున్నారు. వెయిటర్‌ను ఎలా పిలవాలన్నది కూడా టికెట్ ధరలోనే కలిసి ఉంటుందని నాకప్పుడే తెలిసింది.

ఆఖర్న ఒక శుభవార్త. కార్నివాల్‌లో ఇన్నాళ్ళూ హోదాకు కొలత రాత్రులు. ఓడలో ఒక రాత్రి పడుకుంటే ఒక పాయింటు. 75 అయితే ప్లాటినం, 200 అయితే డైమండ్. లోపలి గదిలో పడుకున్నా, సూటులో పడుకున్నా రాత్రి రాత్రే. టీషర్టుల బామ్మ ఏటా వస్తూ డైమండ్ అయిపోయి, ఓడ ఎక్కే క్యూలో మనవారికన్నా ముందు నడిచిపోయింది. ఆ అవమానం ఆయన్ని రెండు పూటలు భోజనం చేయనివ్వలేదు, బఫే అయినా సరే. 2026 జూన్ నుంచి ఈ పద్ధతి మారుస్తున్నామని కంపెనీ 2025లో ప్రకటించింది. ఇకమీదట ఎన్ని రాత్రులు పడుకున్నావని కాదు, ఎంత ఖర్చుపెట్టావని చూసి హోదా ఇస్తారు.

ఆయన ఈ కబురు ఫోనులో రెండుసార్లు చదివారు. ముఖం విప్పారింది. "చూశావా, ఇన్నాళ్ళకు వీళ్ళకూ క్లాస్ అంటే ఏమిటో తెలిసింది" అని భార్యతో అని, వెయిటర్ వైపు రెండు వేళ్ళు చూపించారు. ప్యాకేజీలో లేని బ్రాండు చెప్పారు.