తొలగింపు శాస్త్రము

లినక్సు కంప్యూటరునకు యూఎస్‌బీ హెడ్‌సెట్టు తగిలించి, చెవుల కమర్చుకొని, తెరమీద అవతలివారి పెదవులు కదలుచుండుట కనబడుచున్నను పలుకు వినబడక దిక్కులు చూచువానికి సానుభూతి దొరకుట దుర్లభము గాని, సలహా దొరకుటకు క్షణకాలమైనను పట్టదు. అతని ప్రశ్న ముగియకమునుపే, ఏ లినక్సు వాడుచున్నాడో, పోయినది వినికిడియో మైకో యను విచారణ యేమియు లేకయే, ఒక మహానుభావుడు ముందునకు వచ్చి ‘పల్స్‌ఆడియోను తొలగింపుము’ అని సెలవిచ్చును. రెండవవాడు తొలగించి మరల స్థాపింపుమనును. మూడవవాడు వీరిరువురికంటె విశాలహృదయుడు గావున, ఆ లినక్సునే తొలగించి వేరొక లినక్సును స్థాపింపుమనును. ‘అయ్యా, ధ్వని ఎటు పోవుచున్నదో చూచితిరా?’ అని ఈ ముగ్గురిలో ఒక్కడును అడుగడు.

ఈ తొలగింపు శాస్త్రమునకు పూర్వచరిత్ర లేకపోలేదు. మొదట లినక్సులో ధ్వనిని నడపుటకు ఓఎస్‌ఎస్ అను వ్యవస్థ యుండెను. 2003 చివర వెలువడిన 2.6 కెర్నెలుతో దాని స్థానమున ఆల్సా స్థిరపడెను. పెక్కు ప్రోగ్రాములు ఒకే ధ్వనిద్వారమును పంచుకొనవలసి వచ్చినప్పుడు కేడీఈ వారొక సర్వరును, గ్నోమ్ వారొక సర్వరును పెట్టుకొని కొంతకాలము గడిపిరి. తరువాత లెన్నార్ట్ పోటరింగ్ రచించిన పల్స్‌ఆడియో అను ధ్వనిసర్వరు 2007లో ఫెడోరా 8 నందును, 2008 ఏప్రిలులో ఉబుంటు 8.04 నందును సింహాసన మెక్కెను. ఆ దినములలో ధ్వని తెగితెగి వచ్చిన మాట సత్యము. ఆ పాపములో కొంత పల్స్‌ఆడియోదే. మరి కొంత, క్రిందనున్న డ్రైవర్లలో అంతవరకు దాగియున్న కాలగణన దోషములను అది బట్టబయలు చేయుటవలన కలిగినది. దానిని తొలగించి సుఖపడినవారు నాడు కలరు. వారి అనుభవమును నేను కాదనను.

కాని ఒకనాటి అనుభవము నేడు మంత్రమైనది. వేదమునకైన భాష్యము కలదు గాని ఈ మంత్రమునకు లేదు. విమ్ టేమన్స్ నిర్మించిన పైప్‌వైర్ 2021లో ఫెడోరా 34 నందును, 2022లో ఉబుంటు 22.10 నందును ధ్వనిపరిపాలన స్వీకరించిన తరువాతకూడ, ‘పల్స్‌ఆడియోను చంపుము’ అను ఆజ్ఞ యథాతథముగా ఉపదేశింపబడుచునే యున్నది. చంపుమన్నవానికిగాని, చంపబూనినవానికిగాని, అచ్చట చంపదగినవాడెవడును లేడను సంగతి తెలియదు.

యూఎస్‌బీ హెడ్‌సెట్టు చెవికి తగిలించుకొను తీగ మాత్రమే కాదు. అది స్వయముగా ఒక సౌండుకార్డు. గుండ్రని పిన్ను గల పాత హెడ్‌సెట్టు మదర్‌బోర్డుమీది కార్డుపై ఆధారపడి బ్రదుకును. ఇది తన కార్డును తానే మోసికొని వచ్చును. 1998లోనే యూఎస్‌బీ ధ్వనిపరికరముల కొక సామాన్య ప్రమాణము ఏర్పడినందున, కెర్నెలు దీనిని సాధారణముగా చూచినంతనే గుర్తించును, సీడీ అక్కరలేదు. ‘లినక్సులో అన్నియు తమంతట తామే పనిచేయును’ అని ఛాతీ విరుచుకొను భక్తుల మాటలో ఇంతమేరకు నిజము కలదు. అయితే గుర్తించుట వేరు, పలుకరించుట వేరు. మదర్‌బోర్డుది ఒకటి, హెచ్‌డీఎంఐ మానిటరుది ఒకటి, హెడ్‌సెట్టుది ఒకటి, ఇట్లు మూడు కార్డులు కొలువుదీరిన యింట ధ్వనిని ఎవరి కప్పగింపవలెనో నిర్ణయింపవలసి యుండును; ఆ నిర్ణయము పెక్కుమారులు మానిటరున కనుకూలముగా జరుగును. స్పీకరులైనను లేని ఆ మానిటరు కచ్చేరి యంతయు మౌనముగా గ్రహించుచుండ, శ్రోత హెడ్‌సెట్టును తిట్టుచుండును. ఒక్కొక్క ప్రోగ్రాము తాను పూర్వము వాడిన కార్డును జ్ఞాపక ముంచుకొని, డిఫాల్టు మార్చినను పాతదానినే పట్టుకొని వ్రేలాడుటయు కలదు. ఇక మైకు పలుకకుండుట, కార్డు ప్రొఫైలు వినుటకు మాత్రమే యున్నందున కావచ్చును.

ఇవన్నియు కంటికి కనబడు విషయములే. టెర్మినలులో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అనినచో పరికరము తగిలినదో లేదో తెలియును. ఏప్లే -ఎల్ అనినచో కార్డుల పట్టిక వచ్చును. ఆల్సామిక్సరులో ఎఫ్6 నొక్కి హెడ్‌సెట్టును ఎన్నుకొనినచో, ఎమ్ఎమ్ అను జంటాక్షరములు కనబడుచున్నవా, అనగా నోరు మూయబడినదా అన్నది తేలును. పావుకంట్రోలు తెరచినచో ఏ ప్రోగ్రాము ఎటు పాడుచున్నదో తెలియును. ఇంత చేసినను ఫలితము లేనిచో తీగమీది చిన్న మ్యూట్ మీటను చూడవలెను. ఏ ఆజ్ఞకును లొంగని తత్త్వమది. కాని చూచుటలో వీరత్వమేమున్నది? తొలగించుటలో గదా వీరత్వము!

పల్స్‌ఆడియోను తొలగింపబూనినచో, దానిపై ఆధారపడిన ప్యాకేజీలనుకూడ తొలగింతునని, ప్యాకేజీలను స్థాపించి తొలగించు ఆప్ట్ ముందుగా పట్టిక చూపి మరీ హెచ్చరించును. ‘వై నొక్కుము, భయపడకుము’ అనును మన ఉపదేశకుడు. ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొన్నవాని కైనను ఎలుకల పీడ తీరియుండును. ఈ శిష్యునకు సెట్టింగులలోని సౌండు పుటయే ఖాళీయగును.

అన్నిటికంటె విచిత్రము, ఈ చికిత్స ఒక్కొక్కప్పుడు ఫలించుట. తొలగించి, స్థాపించి, యంత్రమును రీస్టార్టు చేసినప్పుడు కార్డుల వరుస మారి, హెడ్‌సెట్టు అదృష్టవశమున ముందునకు వచ్చి పలుకును. రీస్టార్టు ఒక్కటే చేసినను అదే జరిగియుండునేమో! ఆ సంశయ మెవరికి కావలెను? శిష్యుడు సంతోషముతో నమస్కరించును, గురువు తన మంత్రసిద్ధిని మరియొకనికి చెప్పును, మరునాడు యంత్రము తెరచినప్పుడు వరుస మరల మారి హెడ్‌సెట్టు మూగవోయినచో, అది హెడ్‌సెట్టు తయారుచేసినవాని దోషమని తీర్పు వెలువడును. ‘నా యంత్రములో చక్కగా పనిచేయుచున్నది’ అనువాడు ఈ తీర్పునకు సాక్షి. ఆయన యంత్రములో ఉన్నది ఒకే కార్డు. ఆ సంగతి ఆయన చెప్పడు, ఎవరును అడుగరు.

కావున ఉపదేశకులకు నాదొక విన్నపము. మీ జ్ఞానమును శంకించువాడను కాను, మీ వేగమును మాత్రమే శంకించుచున్నాను. తొలగింపుమనుటకు ముందు, డబ్ల్యూపీసీటీఎల్ స్టేటస్ అను ఆజ్ఞ ఫలితమును అడిగి తెప్పించుకొని, అందులో నక్షత్రపు గుర్తు ఏ పరికరము ప్రక్కన నున్నదో ఒక్కసారి చూడుడు. దానికి సుడో అక్కరలేదు.