చేపల ఆరోగ్యశ్రీ

మొత్తానికి చేపల మొర ఢిల్లీ ఆలకించింది. మందుల కంపెనీలు వదిలే నీళ్లలో 121 యాంటీబయాటిక్స్ ఇంతకు మించకూడదంటూ 2020 జనవరిలో ముసాయిదా తెచ్చిన కేంద్ర పర్యావరణ శాఖ, 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ ఇస్తూ ఆ పరిమితుల పట్టికను కాస్తా ఎత్తేసింది. పరిశ్రమ కాదన్నందుకే తీసేశారని గిట్టనివాళ్లు అంటున్నారు. వాళ్ల మాటలకేం! నడుస్తున్న ఉచిత వైద్యానికి కోత పెట్టాలంటే ఏ సర్కారుకు మనసొప్పుతుంది?

బోర్డు కట్టలేదు గానీ, హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు చుట్టుపక్కల ఏళ్ల తరబడి నడుస్తున్నది చేపల ఆరోగ్యశ్రీయే. తెల్ల కార్డు అడగరు. ఓపీ చీటీ లేదు, లైను లేదు, సారు రౌండ్సుకు పోయిండు అనే మాట లేదు. రోగి నోరు తెరిస్తే చాలు, మందు లోపలికి పోతుంది. అసలు రోగం ఉండాలన్న నిబంధన కూడా లేదు.

ఏ విభాగానికీ లోటు రానివ్వలేదు. స్వీడన్ శాస్త్రవేత్త జోకిం లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించి 2007లో ఫలితాలు అచ్చువేసింది. అప్పట్లో దాదాపు 90 మందుల కంపెనీల మురుగు ఆ ప్లాంటుకే చేరేది. బీపీకి లోసార్టాన్, మెటోప్రొలాల్. అలర్జీకి సెట్రిజిన్. గ్యాస్‌కు రానిటిడిన్. దిగులుకు సిటలోప్రామ్. ఇవన్నీ శుద్ధి చేశాక మిగిలినవి సుమా! ఆ నీళ్లు చేరే నక్కవాగులో ఈదే బొచ్చెకు దిగులేమిటని అడక్కండి. ఆ నీళ్లలో ఉండి చూస్తే తెలుస్తుంది.

సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ విషయంలోనైతే ధారాళమే. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మాత్ర మింగిన మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. మొత్తం కలిపితే రోజుకు 45 కిలోలు పోతోందని అంచనా కట్టారు. 500 మిల్లీగ్రాముల మాత్రలుగా లెక్కేస్తే 90 వేలు, అదీ ఒక్క రోజుకు! పీహెచ్‌సీకి వెళ్లిన మనిషికి మాత్రం పది మాత్రలు చింపి లెక్కపెట్టి ఇస్తారు.

ఇంత వైద్యానికి ఫలితం లేకుండా పోతుందా? ఆ ప్లాంటు నీటిని వెయ్యి పాళ్లకు రెండు పాళ్లు కలిపి తోకకప్పల్ని పెంచి చూస్తే ఎదుగుదల 40 శాతం పడిపోయింది. అంటే బరువు తగ్గించే కోర్సు కూడా ఉచితమే. కుటుంబ నియంత్రణ సంగతి కావాలంటే కెనడా వెళ్లాలి. గర్భనిరోధక మాత్రల్లోని హార్మోన్‌ను శాస్త్రవేత్తలు అక్కడ ఒక సరస్సులో ప్రయోగంగా లీటరుకు ఐదారు నానోగ్రాములు ఉండేలా కలిపారు. మగ చేపల్లో ఆడ లక్షణాలొచ్చాయి, కొన్నేళ్లలో ఆ సరస్సులోని ఒక చిన్న చేప జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. లక్ష్యసాధన అంటే అదీ.

రిఫరల్ సదుపాయమూ ఉంది. పటాన్‌చెరు నుంచి అంబర్‌పేటకు చేరేలా పైపు వేసి మందునే పట్నానికి పంపారు. నక్కవాగు కలిసే మంజీరకు ఉన్న భాగ్యం మూసీకి మాత్రం ఎందుకుండకూడదు?

పోతే, కొందరు రోగులు దక్కలేదు. 2017లో గడ్డపోతారం చెరువులో చేపలు తెల్లగా తేలాయి. చేపలు చచ్చినప్పుడల్లా వినిపించే కారణం ఒకటుంది, ఆక్సిజన్ తగ్గిందని. కరోనా రెండో దెబ్బలో ఆక్సిజన్ అందక మనుషులు పోయినట్టు రాష్ట్రాలేవీ ప్రత్యేకంగా చెప్పలేదని 2021 జూలైలో పార్లమెంటులో సెలవిచ్చారు. ఈ దేశంలో ఆక్సిజన్ లేక చచ్చే హక్కు చేపలకే ఉన్నట్టుంది. అయినా పడకలు ఖాళీగా ఉండవు. రాష్ట్ర సర్కారు ఉచిత చేప పిల్లల పథకం ఉండనే ఉంది, ఫొటోతో సహా కొత్త అడ్మిషన్లు.

ఇక వెటకారం చాలు. ప్లాంటు 2007 నాటిలా లేదు, బాగుపడింది అంటున్నారు. బాగుపడితే మంచిదే. మరి కొలిచే గీత గీస్తామంటే ఎందుకంత బెదురు? గీత లేకపోతే దాటినవాడూ ఉండడు, నోటీసు ఇచ్చే పనీ ఉండదు. పటాన్‌చెరు కాలుష్యం కేసు 1990లో సుప్రీంకోర్టుకెక్కి ఏళ్ల తరబడి నానింది. ఆ తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. రోగుల్ని చూస్తూనే డాక్టర్ అల్లాని కిషన్ రావు దశాబ్దాల పాటు ఈ నీళ్ల కోసం కొట్లాడారు. 2020 నాటి ముసాయిదా మీద అభ్యంతరాలుంటే చెప్పుకోమని గెజిట్లో వేశారట. గెజిట్ చదివేదెవరు? లాయర్ని పెట్టుకోగలిగినవాడే కదా! గడ్డపోతారంలో వల వేసి ఏమీ రాక ఇంటికెళ్లినవాడికి అది ఏ భాషలో చేరింది? ఆ వాగుల్లో మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతున్నాయని శాస్త్రవేత్తలు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాక కూడా ఆ పట్టికను చెత్తబుట్టలో వేసిన చేతికి, రేపు ఒడ్డునున్న ఇంట్లో పసివాడి జ్వరం సిప్రోకు తగ్గకపోతే ఏం రాయాలో తెలుసా?

ఆ పట్టిక మళ్లీ పెట్టండి. ప్రతి వాగులో నెలనెలా నీళ్లు కొలిచి, వచ్చిన అంకెలు పంచాయతీ గోడ మీద తెలుగులో రాయించండి. దాచడానికేమీ లేకపోతే ఇబ్బందేముంది?