అత్త సొమ్ము, అల్లుడి దానం

2025 సెప్టెంబరు 22 తర్వాత తెలుగునాట దానకర్ణులకు కొరత లేకుండా పోయింది. విజయవాడ ఆటోనగర్ మొదలుకొని హైదరాబాదు శివార్ల వరకు లారీ షోరూముల ముందు కట్టిన ఫ్లెక్సీలను చదివినవారికి, సరుకు రవాణా వాహనాల మీద పన్ను తగ్గించింది జీఎస్టీ మండలి కాదనీ, నవ్వుతూ నమస్కారం పెడుతున్న ఆ డీలరు మహాశయుడే తన మామిడితోట తెగనమ్మి లారీ యజమానుల కష్టం తీర్చడానికి పూనుకున్నాడనీ తోస్తే, ఆ తప్పు చదివినవారిది కాదు. ‘మా షోరూము కానుక’, ‘మా యాజమాన్యం ఔదార్యం’ అనే మాటలు బారెడు అక్షరాల్లో ఉంటాయి. పన్ను అనే మాట, ఉంటే గింటే, కింద కట్టిన తాడు ముడిలో చిక్కుకొని నలిగి ఉంటుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అనే సామెతను పుట్టించినవారు లారీ షోరూము చూడలేదు గానీ, చూసి ఉంటే, ఆ అల్లుడు దానంలోనూ కొంత కమీషను మినహాయించుకున్నాడని చేర్చి ఉండేవారు.

ముందు ఆ దానమెంతో లెక్క చూడాలి, ఎందుకంటే ఫ్లెక్సీల మీద వెలిగిపోతున్న ‘పది శాతం తగ్గింపు’ అంకగణితానికి లొంగేది కాదు. పాత పన్నుతో కలిపి 40 లక్షల రూపాయలకు అమ్మిన లారీ మూల ధర 31 లక్షల 25 వేలు, దాని మీద 28 శాతం పన్ను 8 లక్షల 75 వేలు. అదే మూల ధర మీద 18 శాతం పన్ను 5 లక్షల 62 వేల 500 అవుతుంది కాబట్టి కొత్త ధర 36 లక్షల 87 వేల 500 కావాలి. తేడా 3,12,500 రూపాయలు, అంటే పాత ధరలో 7.8 శాతం. పది శాతమని రాసినవాడు నిజంగా 4 లక్షలు తగ్గిస్తే అందులో 87,500 రూపాయలు అతని సొంత జేబువి. ఆ 87,500 ఏవని అడిగి చూస్తే ఫ్లెక్సీ మీది నవ్వు ఎంతసేపు నిలుస్తుందో తెలిసిపోతుంది. కొనుగోలు మీద కట్టిన పన్నును తాను వసూలు చేసే పన్నులో తగ్గించుకునే వెసులుబాటు, అంటే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్, జీఎస్టీ నమోదు లేని ఒంటి లారీ యజమానికి అందదు. అందువల్ల అతనికి ఈ 3,12,500 కొన్ని నెలల కిస్తీలతో సమానమైన అసలైన డబ్బు.

పన్ను తగ్గిన మేరకు కొనుగోలుదారుకు ధర తగ్గించి తీరాలని జీఎస్టీ చట్టం 171వ సెక్షను చెబుతున్నది. చెబుతున్నదే గాని, ఆ సెక్షను కింద కొత్త ఫిర్యాదులు తీసుకోవడాన్ని 2025 ఏప్రిల్ 1 నుంచే ఆపివేశారు. దాదాపు ఆరు నెలల ముందే కాపలావాణ్ణి ఇంటికి పంపి, ఆ తర్వాత తలుపు తీసి, దొంగలెవరూ లోపలికి రాకూడదని మైకులో ప్రకటించడం పరిపాలనా దక్షతకు కొత్త నిర్వచనం.

ఇక బేరం. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్టు మీద గరిష్ఠ ధర అచ్చు వేయకపోతే తూనికలు కొలతల శాఖ కేసు పెడుతుంది. 40 లక్షల లారీకి మాత్రం ధర గోడ మీద ఉండదు, కాగితం మీద ఉండదు, సేల్స్‌మన్ ముఖంలో ఉంటుంది, అదీ ఎదుటివాడి చెప్పులు చూశాక మారుతుంది. యాభై లారీలున్న ట్రాన్స్‌పోర్టు యజమానికి ధర అతని ఆఫీసుకే నడిచి వస్తుంది. పదేళ్లు డ్రైవరుగా చేసి, భార్య పుస్తెలు తాకట్టు పెట్టి మొదటి లారీ కొనడానికి వచ్చినవాడికి ముందు చల్లని మజ్జిగ, ఆ తర్వాత ‘అన్నా, మీకోసం మేనేజరు గారితో పోట్లాడి వస్తా’ అన్న హామీ దక్కుతాయి. అద్దాల గదిలో ఆ పోట్లాట సాధారణంగా ఒక టీ తాగేంత సేపు జరుగుతుంది.

ఈ నాటకంలో అన్నిటికంటే ముచ్చటైన పాత్ర హ్యాండ్లింగ్ ఛార్జీ. ఎక్స్-షోరూము ధర అంటే పన్నుతో సహా షోరూము గుమ్మం దగ్గర వాహనానికి పలికే ధర. ఆన్-రోడ్ ధర అంటే దానికి బీమా, రిజిస్ట్రేషను, రవాణా పన్ను కలిపి బండి రోడ్డెక్కేనాటికి అయ్యే మొత్తం. ఈ రెండు ధరల మధ్య ఉన్న సందులో, ఏ చట్టమూ కనని, ఏ ప్రభుత్వ ఖజానాకూ చేరని ఒక పద్దు కాపురం చేస్తూ ఉంటుంది. ఒక షోరూములో దానికి ఒక అంకె, వీధి అవతలి షోరూములో మరో అంకె. దేన్ని హ్యాండిల్ చేసినందుకు ఈ ఛార్జీ అని అడిగితే, వాహనాన్ని యార్డు నుంచి ఇక్కడికి తెచ్చినందుకు అని సమాధానం వస్తుంది. బీరువా అమ్మినవాడు మోతకూలి అడిగితే అర్థముంది, ఎందుకంటే బీరువా నడవలేదు. లారీ అనే వస్తువు పుట్టిందే నడవడానికి, నలుగురి బరువును మోయడానికి. దాన్నే మోసుకొచ్చామని కూలి అడగడం, ఏనుగును అమ్మి దాన్ని భుజాల మీద ఎత్తుకొచ్చినందుకు అదనంగా అడగడం లాంటిది.

పైగా ఆ లారీని నిజంగా హ్యాండిల్ చేసిన మనిషి ఒకడున్నాడు. చాసిస్, అంటే బాడీ కట్టని, ఇంజనూ చక్రాలూ మాత్రమే ఉన్న లారీ అస్థిపంజరం, జంషెడ్‌పూర్ నుంచో హోసూరు నుంచో పీథంపూర్ నుంచో రోడ్డు మీదనే నడిచి వస్తుంది. చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి మీద బారులు తీరి పోయే ఈ చాసిస్‌లను చూడనివారుండరు. తలుపులు లేవు, పైకప్పు లేదు, కొన్నింటికి సరైన సీటు కూడా లేదు. ముఖానికి తువ్వాలు చుట్టుకున్న కాన్వాయ్ డ్రైవరు, ఎదురుగాలిని, దుమ్మును, వానను ఛాతీతో కాచుకుంటూ, వందల కిలోమీటర్లు నడిపి, బండిని యార్డులో అప్పగించి, సంచి భుజాన వేసుకొని రైల్లో వెనక్కి పోతాడు. హ్యాండ్లింగ్ అన్న మాటకు లోకంలో ఒక అర్థమున్నదంటే అది ఆ మనిషి అరచేతుల్లో ఉన్నది. ఆ పేరుతో పుచ్చుకున్న డబ్బులో అతనికి వాటా ఎంతో చెప్పమంటే, బిల్లు రాసిన గుమాస్తా చూపు సీలింగు ఫ్యాను మీదికి పోతుంది.

ఎక్స్-షోరూము ధర అన్న మాటలోనే షోరూము వరకు వచ్చిన వస్తువు ధర అని ఉన్నప్పుడు, షోరూముకు తెచ్చినందుకు మళ్లీ డబ్బు అడగడం వ్యాపారం కాదు, దోపిడీ. తెలంగాణతో సహా పలు రాష్ట్రాల రవాణా శాఖలు ఈ వసూలు తగదని హెచ్చరించాయి. హెచ్చరించిన ప్రతిసారీ అది చావలేదు, పేరు మార్చుకుంది. ఒకచోట లాజిస్టిక్స్, మరొకచోట ఫెసిలిటేషన్, ఇంకొకచోట డాక్యుమెంటేషన్. ఊరి మీద ఊరు పడ్డా కరణం మీద కాసు పడదన్నట్టు, ఢిల్లీలో పన్ను తగ్గినా పెరిగినా ఈ పద్దు మీద మాత్రం ఈగ వాలదు. కూరగాయల బజారులో బేరం ముగిశాక కొసరు కొన్నవాడికి వేస్తారు, గుప్పెడు పచ్చిమిరపకాయలో రెండు కరివేపాకు రెమ్మలో. లారీ బజారులో కొసరు అమ్మినవాడే పుచ్చుకుంటాడు. కొన్నవాడికి మిగిలేది శాలువా, పూలదండ, అట్టతో చేసిన మూడడుగుల తాళంచెవి పట్టుకొని దిగిన ఫొటో. ఆ అట్ట తాళాన్ని కూడా ఫొటో కాగానే, తర్వాతి గిరాకీ కోసం, వెనక్కి తీసుకుంటారు.

హ్యాండ్లింగ్ పద్దు కంటే పెద్ద గండి వడ్డీ దగ్గర పడుతుంది గానీ, దాన్ని గురించి బేరమాడేవారు అరుదు. నూటికి నెలకు అరవై పైసల వడ్డీ అనగానే పల్లెల్లో రెండు రూపాయల వడ్డీకి అలవాటు పడిన ప్రాణం లేచి వస్తుంది. అయితే అది ఫ్లాట్ వడ్డీ, అంటే తీర్చేసిన అసలు మీద కూడా చివరి నెల వరకు లెక్కగట్టే వడ్డీ. నాలుగేళ్ల అప్పుకు ఏడాదికి 7.2 శాతమనిపించే ఈ రేటు, మిగిలిన అసలు మీద లెక్కిస్తే దాదాపు 13 శాతం. అరవై పైసలని చెప్పి రూపాయి దాటించడం ఇందులోని హస్తలాఘవం. డీలరు ఏరికోరి ఒక ఫైనాన్సు సంస్థ పేరే ఎందుకు చెబుతాడో తెలియాలంటే పేఔట్ అన్న మాట తెలియాలి: గిరాకీని తెచ్చినందుకు ఫైనాన్సు సంస్థ డీలరుకు ముట్టజెప్పే కమీషను అది. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త అప్పులకు అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటును ముందుగానే ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అనే కాగితం మీద రాసివ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉన్నది. ఆ కాగితం ముప్పై సంతకాల కట్టలో పద్దెనిమిదో సంతకం కింద ఉంటుంది, సంతకాలేమో బొటనవేలితో పేజీ పట్టుకొని తిప్పేవాడి వేగంతో సాగుతాయి.

బీమా డీలరు దగ్గరే తీసుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. 2017 నాటి బీమా నియంత్రణ సంస్థ మార్గదర్శకాలు అలాంటి బలవంతాన్ని నిషేధించాయి. 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన వాహనాలకు హైసెక్యూరిటీ నంబరు ప్లేటు తయారీదారు ఇవ్వవలసినదే అయినా, దానికి వేరే పద్దు రాసే చేతులున్నాయి. పన్ను తగ్గిన తొమ్మిది రోజులకు, అంటే 2025 అక్టోబరు 1 నుంచి, తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి కావడం మాత్రం షోరూములకు దేవుడిచ్చిన వరం. ఎండలో మాడే డ్రైవరుకు చల్లగాలి రావడం ఎంతో మంచి మాటే, కానీ అక్టోబరుకు ముందు తయారై యార్డులో నిలబడిన బండిని కూడా ‘ఏసీ వచ్చింది కాబట్టి రేట్లు పెరిగాయి’ అంటూ అంటగట్టేవాడికి ఫారం 21 చూపమనాలి. డీలరు ఇచ్చే విక్రయ ధ్రువపత్రమైన ఆ కాగితంలో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి.

వీటన్నిటి నడుమ, లారీ కొనేవారికి బేరమాడడం నేర్పే గురువులు చేతి ఫోనుల్లో మోపయ్యారు. నెలాఖరున వెళ్ళాలట, ముఖంలో ఇష్టం కనబడనీయకూడదట, మధ్యలో లేచి బయటికి నడవాలట. కొనేవాడు సరిగా నటించకపోవడం వల్లే మోసపోతున్నాడన్న ఈ వాదం, అమ్మేవాడు సరిగా ధర చెప్పాలన్న చిన్న మాటను తెలివిగా దాటవేస్తుంది. రేపటి నుంచి కిరాయి ఎంతో చెప్పే ఏజెంటు ముందు, డీజిలు బంకు ముందు, టోలు గేటు ముందు నోరెత్తే వీలులేని మనిషిని, బతుకంతటిలో ఒక్క మధ్యాహ్నం మహానటుడివి కమ్మని చెప్పడం క్రూరమైన పరిహాసం. ఐదు వేల రూపాయల సీటు కవర్ల కోసం అతనితో గంటసేపు గింజుకులాడించి, చివరకు ఓడిపోయినట్టు నటించి, మూడు లక్షలు మింగేవాడి నటన ముందు ఏ గురువు పాఠమూ నిలవదు.

షోరూము మెట్లెక్కేవారు వెంట తీసుకుపోవలసినది పాత ధరల కాగితం ఒకటి, దాన్ని 1.28తో భాగించి 1.18తో గుణించగల చేతి ఫోను ఒకటి. ఆ తర్వాత ప్రతి పద్దుకూ జీఎస్టీ నంబరున్న రసీదు అడగాలి. రసీదు రాయలేని పద్దుకు డబ్బు ఇవ్వనక్కరలేదు. 40 లక్షల లారీకి 3,12,500 రూపాయలు తగ్గేవరకు డీలరు తగ్గించింది ఏమీ లేదు. అతని తగ్గింపు ఆ తర్వాతి రూపాయితో మొదలవుతుంది.