ఏడో ఏట రేడియో విప్పినవాళ్లు

విశాఖ కూర్మన్నపాలెంలో పనిచేసే రేడియో ఒక్కటి కూడా మిగిలి ఉండకూడదు. ఇక్కణ్నుంచి ఎంఎస్ చదవడానికి అమెరికా వెళ్లిన ప్రతి కుర్రాడూ ఏడో ఏట ఓ రేడియో విప్పి, లోపలేముందో చూసి, ఇంజినీరింగ్ మీద మనసు పారేసుకున్నవాడే. యూనివర్సిటీకి తమ గురించి రాసిచ్చే ఎస్‌ఓపీల్లో అలాగే ఉంది. 2003లో పుట్టినవాడికి విప్పడానికి రేడియో ఎక్కడ దొరికిందని అడక్కండి. కన్సల్టెన్సీలో దొరికింది.

పాపం, పిల్లల్ని అనడానికేం లేదు. ఎంసెట్‌లో 160 ప్రశ్నలు, మూడు గంటలు, ఒక్కోదానికీ నాలుగు ఆప్షన్లు. ఆ 160లో ‘నువ్వెవరు?’ అన్న ప్రశ్న లేదు. హాస్టల్లో తెల్లవారుజాము స్టడీ అవర్లో అలాంటి ఆలోచన వచ్చినా ర్యాంకు పోతుంది. అలా పెంచిన పిల్లాణ్ని ఇరవై రెండో ఏట ఏదో యూనివర్సిటీ పిలిచి, ‘నీ గురించి రెండు పేజీలు రాయి నాయనా’ అంటుంది. ఆప్షన్లివ్వదు. వాడు కన్సల్టెన్సీకని గాజువాక ఆటో ఎక్కక ఏం చేస్తాడు?

మన కుర్రాడు చదివింది మెటలర్జీ అనుకుందాం. స్టీల్‌ప్లాంటు కోసం ఖాళీ చేయించిన 64 ఊళ్లలో వాళ్ల తాతది ఒకటి. భూమి పోయింది, చేతిలో నిర్వాసితుడని చెప్పే ఆర్‌ కార్డు మిగిలింది. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో రాష్ట్రమంతా రోడ్డెక్కి, 32 మంది ప్రాణాలు పోగొట్టుకుంటే, 1971లో శంకుస్థాపన జరిగిన ఫ్యాక్టరీ అది. నాన్న పని బ్లాస్ట్ ఫర్నేసులో. ఆ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఇనుము కరిగించే కొలిమికి అన్నపూర్ణ అని పేరు పెట్టుకున్న మనుషుల మధ్య పెరిగాడు వాడు. 2021 జనవరిలో కేంద్రం నూరు శాతం వాటా వదిలించుకుంటామన్న దగ్గర్నుంచీ, నాన్న డ్యూటీ దిగి నేరుగా కూర్మన్నపాలెం దీక్షా శిబిరానికి పోయిన రోజులున్నాయి. లోహం గురించి ఇంతకంటే చెప్పదగ్గ కథ ఉన్నవాడు ఆ క్లాసులో ఇంకెవడైనా ఉన్నాడా?

కన్సల్టెన్సీ కౌన్సెలర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

‘ఇవన్నీ వద్దు తమ్ముడూ, నెగిటివ్‌గా ఉంటాయి. ధర్నాలూ గిర్నాలూ అంటే వీసా వాళ్లు జడుసుకుంటారు. చిన్నప్పుడు ఏమైనా విప్పావా?’

‘లేదండీ.’

‘విప్పావు.’

ఈ రోగం మనకే ఉందని మరీ సిగ్గుపడక్కర్లేదు. బ్రిటన్‌లో డిగ్రీ అడ్మిషన్లు చూసే యూకాస్ 2007లో దరఖాస్తుల్ని కంప్యూటర్‌తో సరిపోల్చి చూసింది. 234 మంది తమ ఎనిమిదో ఏట పైజామాకు చిల్లు పడేలా కాల్చుకున్నారు. మరో 175 మందికి ముసలితనంతోనో జబ్బుతోనో బాధపడే తాతగారున్నారు. అన్ని పైజామాలు కాలాక ఆ సంస్థకి జ్ఞానోదయం కావడానికి ఇంకో పద్దెనిమిదేళ్లు పట్టింది. 2026 అడ్మిషన్ల నుంచి వ్యాసం ఎత్తేసి మూడు ప్రశ్నలు పెట్టారు. 4000 అక్షరాల హద్దు మాత్రం అలాగే ఉంచారు, మధ్య ఖాళీలతో సహా. ఆ మూడు ప్రశ్నలకీ మన వీధుల్లో జవాబులు ఈపాటికి తయారై ఉంటాయి.

యూనివర్సిటీలేమీ తక్కువ తినలేదు. ‘ఇక్కడ మంచి ఉద్యోగం దొరుకుతుంది, మా నాన్న తెచ్చిన అప్పు తీర్చాలి’ అని రాస్తే ఆ కాగితం పక్కకి పోతుందేమోనని ప్రతివాడికీ భయం. నిజమైన వాక్యం అదొక్కటే, రాయకూడనిదీ అదొక్కటే. కావలసింది తపన. ఫీజుతో పాటు కొంచెం తపన కూడా కట్టాలి.

వీసా దగ్గర ఇంకో తిరకాసు. అమెరికా చట్టంలో 214(బి) అని ఒక సెక్షనుంది. నువ్వు తిరిగి వెళ్తావని నమ్మించేదాకా ఉండిపోయేవాడివే అని అది అనుకుంటుంది. అందుకని చివరి పేరాలో అందరూ ఇండియాకి తిరిగొచ్చి దేశసేవ చేస్తారు. ఆ పేరాలన్నీ నిజమై ఉంటే స్టీల్‌ప్లాంటు వాళ్ల ఉక్కునగరంలో క్వార్టర్లు చాలేవి కావు.

ఒకే ఎస్‌ఓపీ పది చోట్లకి వెళ్లాలి గనక, కన్సల్టెన్సీ వాళ్లు యూనివర్సిటీ పేరు ఒక్కటే మారుస్తారు. ఒక్కోసారి అదీ మరిచిపోతారు. టెక్సాస్‌కి పోయే కాగితంలో అరిజోనా మీద ప్రేమ ఒలికిపోతుంటుంది. ఇప్పుడు చాట్‌జీపీటీ వచ్చింది కాబట్టి ప్రేమ ఇంకాస్త వ్యాకరణబద్ధంగా ఒలుకుతోంది. రేడియో మాత్రం కదల్లేదు.

ఇంతకీ అడ్మిషన్ వచ్చింది, వీసా స్లాట్ దొరికింది. ఇంటర్వ్యూలో ఎస్‌ఓపీలోంచి అడిగితే? తన జీవితాన్ని తానే బట్టీ పట్టడం మొదలెట్టాడు కుర్రాడు. రాత్రి భోజనాలయ్యాక వాళ్లమ్మ ఆ రెండు పేజీలూ పట్టుకుని పాఠం ఒప్పజెప్పించుకుంటోంది.

‘ఏడో ఏట ఏం విప్పావు?’

‘టేబుల్ ఫ్యానమ్మా.’

‘ఫ్యాను పక్కింటి వాడిదిరా. నీది రేడియో. మళ్లీ మొదట్నుంచి చెప్పు.’