చిరునామా

ఇంగ్లండులో కాపురముంటున్న తెలుగువాళ్ళింటికి ఇండియా నుంచి పెద్దవాళ్ళొచ్చారంటే శని, ఆదివారాలకు ఒక వరస ఏర్పడిపోతుంది. ఒక వారం విండ్సర్ కోట, ఒక వారం స్టోన్‌హెంజ్, ఇంకో వారం బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్‌లో వెంకన్న గుడి. పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలకెత్తుకోవడం, గొడుగులు సర్దుకోవడం, రైలెక్కడం.

రెడింగ్‌లో కూతురింటికి వచ్చిన ఆ పెద్దాయన వీటిలో దేనికీ ఉత్సాహపడలేదు. "నాకు కోహినూరు ఒక్కటి చూపించు అల్లుడూ, చాలు" అన్నారు. ఆయన పుట్టి పెరిగింది పల్నాట, కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరులో. ఆ వజ్రం కొల్లూరు గనుల్లోనే దొరికిందని తరతరాల నమ్మకం. 17వ శతాబ్దంలో ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియే స్వయంగా వచ్చి చూసి, 60 వేల మంది పనిచేస్తున్నారని రాసిపెట్టిన గనులవి.

పాడింగ్టన్‌లో రైలు మారి లండన్ టవర్ చేరుకున్నారు. లోపల పచ్చికలో మాలకాకులు తిరుగుతున్నాయి. అవి కోట విడిచిపోతే రాజ్యం కూలిపోతుందని అక్కడివాళ్ళ నమ్మకమనీ, అందుకే కనీసం ఆరింటిని ఎప్పుడూ ఉంచుతారనీ, వాటి బాగోగులకు ప్రత్యేకంగా ఒక మనిషి ఉంటాడనీ అల్లుడు చెప్పాడు.

"ఆరు కాకులు చోటు వదలకుండా ఇంత చూసుకుంటారా!" అంటూ పెద్దాయన అక్కడే చాలాసేపు నిలబడిపోయారు.

నగల భవనంలో కిరీటాల ముందు మనం నడవక్కర్లేదు, కాళ్ళ కింద పట్టీయే ముందుకు లాక్కెళుతుంది. 1937లో చేసిన రాణిగారి కిరీటంలో, ముందువైపు శిలువ మధ్యన మెరుస్తోంది రాయి. ఫొటో తియ్యనివ్వరు. పెద్దాయన మళ్ళీ చుట్టూ తిరిగొచ్చి ఇంకోసారి చూశారు. పెదవి విప్పలేదు.

బయటికొచ్చాక పదేళ్ళ మనవడికి తండ్రి కథంతా చెప్పాడు. 1849లో వజ్రాన్ని ఇంగ్లీషువాళ్ళకు అప్పగించేలా లాహోరు ఒప్పందం మీద సంతకం పెట్టించినప్పుడు పంజాబు మహారాజు దులీప్‌సింగ్‌కీ పదేళ్ళే. 1852లో ఇక్కడ సానబట్టినప్పుడు 191 క్యారెట్ల రాయి 105.6కి తగ్గిపోయింది.

పిల్లవాడి మొహం ఎర్రబడింది. దుకాణంలోకి పరుగెత్తి పోస్టుకార్డు కొనిపించుకున్నాడు. థేమ్స్ ఒడ్డున బెంచీ మీద అందరూ పులిహోర తింటుంటే, వాడు డబ్బా ముట్టకుండా రాజుగారికి ఉత్తరం మొదలుపెట్టాడు. 'ఈ వజ్రం మా తాతయ్య ఊరిది. దయచేసి ఆ ఊరికే పంపించెయ్యండి' అని రాసి తలెత్తాడు.

"అడ్రస్ చెప్పు తాతయ్యా!"

"కొల్లూరు, బెల్లంకొండ మండలం..." అని ఆగిపోయారాయన. కాసేపు నదినే చూస్తూ కూర్చున్నారు.

"ఊరు లేదు నాన్నా. డెల్టా పొలాలకు నీళ్ళు కావాలని పులిచింతల డ్యామ్ కట్టారు. ఇళ్ళు, గుడి, గనులు, అన్నీ నీళ్ళ కిందికి పోయాయి. మమ్మల్ని తలా ఒక చోటికి పంపేశారు."

పిల్లవాడి పిడికిలి బిగిసింది.

"ఊరిని ముంచింది కూడా ఈ ఇంగ్లీషువాళ్ళేనా?"

"కాదు నాన్నా. వాళ్ళు పట్టుకుపోయింది రాయి ఒక్కటే."