ఒక చీటీ ఆత్మకథ

సర్కారు కాగితాలకు ‘నేను’ అనే అలవాటు లేదు. ‘పై విషయమై’, ‘సంబంధిత అధికారి’ అంటూ తమ సంగతి కూడా ఎవరిదో అన్నట్టు చెబుతాయి. అందుకే ఈ చీటీ తన కథ చెప్పుకుంటున్నా ‘ఈ చీటీ’ అనే అంటుంది.

పుట్టింది 1968లో, అమెరికాలో, ఎఫ్‌బీఐ వారింట. ఆఫీసు నుంచి ఆఫీసుకు కాగితాలు పంపేటప్పుడు పైన తగిలించే రూటింగ్ స్లిప్ ఇది. దీని మీద టైపు కొట్టిన పని చిన్నదే. విశ్వవిద్యాలయాల్లో గొడవల మీద బారన్స్ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని, విద్యార్థుల విషయంలో మెతకగా ఉంటున్న కాలేజీ పెద్దలకు పంపాలి. పంపిందెవరో మాత్రం తెలియకూడదు. మన భాషలో ఆకాశరామన్న ఉత్తరం. అదీ ప్రభుత్వ ఖర్చుతో! చీటీ నెత్తిన ఒక శీర్షిక: ‘కోయింటెల్‌ప్రో - న్యూ లెఫ్ట్’.

పెన్సిల్వేనియాలో మీడియా అని ఒక ఊరుంది. నిజంగా ఊరి పేరే అది. 1971 మార్చి 8 రాత్రి, జనం ధ్యాసంతా మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ల బాక్సింగ్ మీద ఉన్న వేళ, ఎనిమిది మంది అక్కడి ఎఫ్‌బీఐ ఆఫీసులో జొరబడి వెయ్యికి పైగా కాగితాలు సూట్‌కేసుల్లో సర్దుకుపోయారు. అందులో ఈ చీటీ కూడా ఉంది. నకళ్లు పత్రికలకు వెళ్లాయి. వాషింగ్టన్ పోస్ట్‌లో బెట్టీ మెడ్స్‌గర్ రాసిన వార్త మార్చి 24న బయటికొచ్చింది. గూఢచర్యం గురించి దేశమంతా మాట్లాడుకుంది. ఈ చీటీ నెత్తినున్న ముక్కకు అర్థమేమిటని మాత్రం ఎవరూ పట్టుబట్టి అడగలేదు.

అడిగినవాడు ఏడాది తర్వాత వచ్చాడు. కార్ల్ స్టెర్న్, ఎన్‌బీసీ టీవీ విలేకరి. కొలంబియాలో జర్నలిజం చదివి, క్లీవ్‌లాండ్‌లో రేడియో ఉద్యోగం చేస్తూ 1966లో లా పట్టా పుచ్చుకున్నాడు. మరుసటి ఏడాది వాషింగ్టన్‌లో ఎన్‌బీసీకి కోర్టుల వార్తలు చెప్పే పనిలో చేరాడు.

1972 మార్చి 20న ఆయన అటార్నీ జనరల్‌కు రాసిన ఉత్తరంలోనే లా చదువు కనిపిస్తుంది. కోయింటెల్‌ప్రో గురించి మీ దగ్గరున్నదంతా ఇవ్వండి అనలేదు. అడిగినవి మూడే: ఆ కార్యక్రమాన్ని మొదలుపెట్టమన్న ఉత్తర్వు, దాని తీరు మార్చిన ఉత్తర్వు, ముగించిన ఉత్తర్వు. ఉత్తర్వు లేకుండా సర్కారులో ఏ పనీ మొదలవదు, ఆగదు. మన 2005 సమాచార హక్కు చట్టం కింద ‘పూర్తి వివరాలు ఇవ్వగలరు’ అని దరఖాస్తు పెట్టి, ఏ వివరమూ లేని జవాబు అందుకున్నవారికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

అయినా జవాబు కోసం పది నెలలు చూడాల్సి వచ్చింది. ఈలోగా 1972 మేలో ఎఫ్‌బీఐ అధిపతి హూవర్ కన్నుమూశాడు. 1973 జనవరిలో వచ్చిన జవాబు: ఇవ్వం. అదే నెలాఖరున స్టెర్న్ దావా వేశాడు. దర్యాప్తు ఫైళ్లకు అక్కడి సమాచార స్వేచ్ఛ చట్టంలో మినహాయింపు ఉందని ప్రభుత్వం వాదించింది. జడ్జి బారింగ్టన్ పార్కర్ ఆ కాగితాలు తెప్పించుకుని తానే చదివాడు. సెప్టెంబర్ 25న ఇచ్చెయ్యమన్నాడు.

డిసెంబర్‌లో రెండు కాగితాలు చేతికొచ్చాయి. కోయింటెల్‌ప్రో అంటే ‘కౌంటర్ ఇంటెలిజెన్స్ ప్రోగ్రామ్’కు పొట్టిపేరు. ఈ చీటీకి పెద్దన్న, చిన్నతమ్ముడు అనుకోండి. పెద్దది 1968 మే 10 నాటి హూవర్ ఆదేశం: విద్యార్థి ఉద్యమాలను బయటపెట్టండి, చెదరగొట్టండి, పనికిరాకుండా చెయ్యండి. రెండోది 1971 ఏప్రిల్ 28 నాటిది: ఇక ఆపెయ్యండి. మీడియా ఊళ్లో దొంగతనం జరిగిన ఏడు వారాలకు! ఆ తేదీ పక్కన వ్యాఖ్యానం అక్కర్లేదు.

మరుసటి మార్చిలో ఇంకొన్ని వచ్చాయి, నల్లజాతి ఉద్యమాల మీద ఇదే తంతు నడిపిన ఉత్తర్వులు. తర్వాత సెనేట్‌లో చర్చ్ కమిటీ విచారణ జరిగింది. ఈ పథకం 1956లోనే, కమ్యూనిస్టు పార్టీ మీద, మొదలైందని లోకానికి తెలిసింది.

స్టెర్న్ పేరు జనానికి ఎక్కువగా తెలిసింది మాత్రం వాటర్‌గేట్ కుంభకోణం వల్ల. అధ్యక్షుడు నిక్సన్ టేపులు అప్పగించాల్సిందేనని 1974 జూలై 24న సుప్రీంకోర్టు 8-0తో చెప్పిన తీర్పు లాంటివి టీవీలో అప్పటికప్పుడు విడమర్చి చెప్పాలి. రాత్రంతా కూర్చుని రాసుకునే తీరిక ఉండదు. ఆ ఏడాది పనికి ఆయనకు పీబాడీ అవార్డు వచ్చింది. అయినా ఈ చీటీకి పక్షపాతం ఉంది. దాని దృష్టిలో ఆయన చేసిన గొప్ప పని ఆ మూడు ముక్కల ఉత్తరమే.

మీడియా ఊళ్లో జొరబడిన ఆ దొంగల కోసం ఎఫ్‌బీఐ అయిదేళ్లు వెతికి 1976లో ఫైలు మూసేసింది. వాళ్లలో కొందరు 2014లో తామే బయటికొచ్చి చెప్పుకున్నారు.

స్టెర్న్ 1993లో ఎన్‌బీసీని వదిలి కొత్త కొలువులో చేరాడు. అమెరికా న్యాయశాఖలో ప్రజాసంబంధాల డైరెక్టర్. ఏ శాఖ మీద దావా వేశాడో ఆ శాఖ తరఫునే 1996 దాకా విలేకరుల ప్రశ్నలకు జవాబులు చెప్పాడు.