పరమార్థం గారు

పరమార్థం గారికి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. అది కరెంటు బిల్లు మీద కనిపిస్తుంది. మేమంతా వాడేది మాత్రం ఇదే. ఆయన మా కూకట్‌పల్లి అపార్టుమెంటులో మూడో అంతస్తులో ఉంటారు. మీ దిల్‌సుఖ్‌నగర్‌లోనూ ఒకరుంటారు. విజయవాడ మొగల్రాజపురంలో కనీసం ఇద్దరుంటారు. న్యూజెర్సీలో కొడుకింటి బేస్‌మెంటులో మఫ్లరు చుట్టుకుని ఇంకొకరు కూర్చుని ఉంటారు.

ఆయన్ని గుర్తుపట్టడం తేలిక. "బాగున్నారా?" అని అడిగితే మామూలు మనిషి "ఆఁ, మీరూ?" అని తన దారిన తాను పోతాడు. పరమార్థం గారు లిఫ్టు బటన్ మీంచి వేలు తీసేసి, "అసలు బాగుండటమంటే ఏమిటండీ?" అంటారు. ఈలోపు లిఫ్టు మనిద్దర్నీ వదిలేసి పైకి వెళ్లిపోతుంది.

జీవితానికి అర్థమేమిటన్న ప్రశ్న వయసు మీద పడితే వస్తుందని కొందరూ, దెబ్బ తగిలితే వస్తుందని కొందరూ అంటారు. నేను చూసినంతలో అది ఇంటి లోను తీరితే వస్తుంది. పరమార్థం గారు ఒక ప్రభుత్వ బ్యాంకులో మేనేజరుగా రిటైరయ్యారు. ఇరవై ఏళ్లపాటు ఆయన జీవితానికి అర్థం నెలనెలా జీతంలోంచి దానంతటదే కట్ అయ్యేది. మధ్యలో అబ్బాయి ఎంసెట్, అమ్మాయి పెళ్లి, అబ్బాయి వీసా. ఒకటి తెమిలేలోగా ఇంకొకటి తలుపు కొట్టేది. చివరికి అన్నీ తీరాయి, ఇంటి దస్తావేజులు బ్యాంకు లాకరు నుంచి సొంత బీరువాలోకి వచ్చాయి. ఆ వారమే ఒక సాయంత్రం బాల్కనీలో కాఫీ తాగుతూ ఆయన, "ఇంతేనా?" అన్నారట. వదినగారు లోపల్నుంచి, "డికాక్షన్ ఇంకాస్త ఉంది, పోయమంటారా?" అన్నారట.

అన్వేషణ పుస్తకాలతో మొదలైంది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద జపాన్ వాళ్ల ఇకిగాయ్ మీద ఒక పుస్తకం కొన్నారు. దాని పక్కనే విక్టర్ ఫ్రాంక్ల్ దొరికాడు. నాజీ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడిన ఆ వియన్నా డాక్టరు, బతుక్కి అర్థం దొరికితే మనిషి ఎంతటి నరకాన్నయినా తట్టుకోగలడని రాసి 1946లో వెలువరించిన పుస్తకం. పరమార్థం గారు దాన్ని ఏసీ ఇరవై నాలుగులో పెట్టుకుని రెండు రాత్రుల్లో ముగించి, "అచ్చం నా అనుభవమేనండీ" అన్నారు. ఏజెన్సీ ప్రాంతపు బ్రాంచికి రెండేళ్లు బదిలీ చేయడం తప్ప జీవితం ఆయన్ని పెట్టిన కష్టం నాకైతే తెలియదు.

తర్వాత కృష్ణమూర్తులు వచ్చారు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువును చేయాలని దివ్యజ్ఞాన సమాజం వాళ్లు ఒక పెద్ద సంస్థే కట్టిపెడితే, 1929లో ఆయన దాన్ని తన చేతులతోనే రద్దు చేసి, సత్యానికి గురువులూ సంఘాలూ అక్కర్లేదన్నారు. బందరులో 1918లో పుట్టిన యు.జి. కృష్ణమూర్తి ఇంకో అడుగు ముందుకేశారు. తన దగ్గర బోధించడానికేమీ లేదనీ, అసలు ఆ వెతుకులాటే జబ్బనీ మొహం మీదే చెప్పేవారు. ఇద్దరు తెలుగువాళ్లు ప్రపంచమంతా తిరిగి నా వెంట పడొద్దని ఇంత గట్టిగా చెప్పాక, పరమార్థం గారు ఇద్దరి ఫొటోలూ ఫ్రేము కట్టించి దేవుడి అరలో పెట్టారు. శుక్రవారం శుక్రవారం వదినగారు ఇద్దరికీ కుంకుమ బొట్టు పెడుతున్నారు.

నాగార్జునసాగర్ రోడ్డులోని విపశ్యన కేంద్రానికి వెళ్లొచ్చాక మాత్రం మాకు ఇబ్బంది మొదలైంది. అక్కడ పది రోజులు నోరు విప్పకూడదు. ఫోను గేటు దగ్గరే ఇచ్చేయాలి. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు, పదకొండింటికి భోజనం, సాయంత్రం ఇంత టీ, ఏదో పండు. ఫీజు ఉండదు, తోచింది విరాళమివ్వచ్చు. ఆ పది రోజుల మౌనం గురించి ఆయన ఆరు వారాలు మాట్లాడారు. మెట్ల మీద, పాల బూత్ దగ్గర, చివరికి ఇస్త్రీ బండి అబ్బాయితో కూడా. అందరికంటే సంతోషించింది వదినగారు. "ఆ పది రోజులూ చాలా ప్రశాంతంగా గడిచాయండీ" అన్నారు. "అన్నయ్యగారికా?" అన్నాను. "కాదండీ, నాకు. ముప్ఫై రోజులది కూడా ఉంటుందటగా, కాస్త కనుక్కుని చెబుతారా?"

రంగారెడ్డి జిల్లా కాన్హా శాంతివనంలో లక్షమంది ఒకేసారి కూర్చునే ధ్యానమందిరం ఉంది. అందులో కళ్లు మూసుకున్న మూడో నిమిషంలో ఆయనకు ఒక ప్రశ్న లోపల్నుంచి తన్నుకొచ్చిందట. "ఇంత హాలుకి వర్కింగ్ క్యాపిటల్ ఎంతవుతుంది?" ఉద్యోగం మనిషిని వదిలినంత తేలిగ్గా మనిషి ఉద్యోగాన్ని వదలడు.

ఆయన పట్ల నాకు గౌరవం కలిగిన రోజు ఒకటుంది. ఆ తెల్లవారుజామున ఆయన కొత్త స్పీకరులో ఘంటసాల భగవద్గీత పెట్టారు. అయిదున్నరకి వాచ్‌మన్ తలుపు కొట్టి, గొంతు తగ్గించి, "ఎవరు వోయిండ్రు సార్?" అన్నాడు. ఆరింటికి అసోసియేషన్ సెక్రటరీ తెల్లచొక్కా వేసుకుని దండ డబ్బులకి చందాల పుస్తకం పట్టుకొచ్చారు. ఎదురు ఫ్లాటు వాళ్లు ఫ్లాస్కులో కాఫీ పంపారు. పరమార్థం గారు గుమ్మంలో నిక్షేపంగా నిలబడి ఉండటం చూసి అందరూ వదినగారి కోసం లోపలికి తొంగిచూశారు. అప్పుడు ఆయనకు నిజంగా కోపం వచ్చింది. "విల్లు పారేసి కూలబడ్డవాణ్ణి, లేవరా, లేచి పని చూడరా అన్న పుస్తకమండీ ఇది! ఇక ఎప్పటికీ లేవనివాడి దగ్గర పెడుతున్నారేమిటి?" ఘంటసాల 1974లో కన్నుమూశారు. గీతలోని 700 శ్లోకాల్లోంచి వందకు పైచిలుకు ఏరి ఆయన పాడింది బతికున్నవాళ్ల కోసం. మనం దాన్ని వైకుంఠ రథానికి హారన్ చేసేశాం. పరమార్థం గారు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కూడా నేను కాదనలేకపోయాను. సెక్రటరీ మాత్రం చందా పుస్తకం మూసేముందు ఒకసారి ఆయన వంక ఆశగా చూశారు.

నిజానికి జీవితానికి అర్థమేమిటన్న ఈ ప్రశ్నకి ఒకప్పుడు మన ఊళ్లలో వేళ ఉండేది. కార్తీకమాసంలో గుడి మండపంలో పురాణం, శ్రీరామనవమి పందిట్లో హరికథ. దాసుగారు చిడతలు వాయిస్తూ బతుకేమిటి, చావేమిటి అని తానే అడిగి, నడుమ ఓ పిట్టకథ చెప్పి నవ్వించి, తానే సమాధానం చెప్పి, మంగళం పాడేవారు. జనం అరటిపండు ప్రసాదం తీసుకుని అన్నానికి ఇళ్లకు పోయేవారు. ఇప్పుడు అదే ప్రశ్న మధ్యాహ్నం మూడింటికి, ఒంటరిగా, ఫోనులో వస్తోంది. మంగళం పాడేవాడు లేడు, ఒక వీడియో అయిపోతే ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది. పరమార్థం గారి మీద నాకున్న కాస్త జాలీ ఇందుకే.

పౌర్ణమికి అరుణాచలం వెళ్లారు. ఇప్పుడు హైదరాబాదు నుంచి ఆర్టీసీ వాళ్లే గిరిప్రదక్షిణకు బస్సులు వేస్తున్నారు. 1896లో రమణ మహర్షి పదహారేళ్ల కుర్రాడిగా, అన్నగారి కాలేజీ ఫీజు అయిదు రూపాయల్లో మూడే తీసుకుని, మిగతా రెండూ ఉత్తరంతోపాటు ఇంట్లో వదిలేసి ఈ కొండకు వచ్చారు. వచ్చాక చేతిలో మిగిలిన చిల్లర కోనేట్లో పారేశారు. పరమార్థం గారు మోకాలి పట్టీ, పవర్ బ్యాంకు, ఓఆర్ఎస్ పొట్లాలు, అడుగులు లెక్కపెట్టే గడియారం, కందిపొడి పట్టుకుని వెళ్లారు. నేనెవరు అన్న విచారణ చేయడానికే వెళ్లారు కానీ, ఆ ప్రశ్న లాడ్జి కౌంటరు దగ్గరే ఎదురైంది. ఆధార్ కార్డు ఇంట్లో మరిచిపోయారు. "మీరు ఎవరు సార్? ప్రూఫ్ చూపించండి" అని కౌంటరులోని తమిళ కుర్రాడు అడిగితే, తానెవరో రుజువు చేసుకోలేక వరండాలో రెండు గంటలు కూర్చున్నారు. చివరికి వదినగారు కార్డు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే ఆయన ఎవరో తేలింది.

ప్రదక్షిణ మాత్రం పద్నాలుగు కిలోమీటర్లూ పూర్తి చేశారు. అష్టలింగాల్లో ఒక్కటీ వదల్లేదు. అన్నీ కాదన్న రచయిత చలం 1950లో ఆ ఊరు చేరి, 1979లో పోయేదాకా అక్కడే ఉండిపోయారు. మన ఆయన సోమవారం పొద్దున్నే తిరిగొచ్చేశారు. మంజీరా నీళ్లు వచ్చే రోజు.

వచ్చిన వారమే అసోసియేషన్ జనరల్ బాడీ మీటింగు. బోరు మోటారు, పార్కింగు గొడవ, లిఫ్టు మరమ్మతు అయ్యాక ఇతర విషయాలు అన్నారు. పరమార్థం గారు లేచి, అందరినీ కలయజూసి, నెమ్మదిగా అడిగారు. "అసలు మనమంతా ఇక్కడ ఎందుకున్నాం?"

"కోరం కోసం సార్" అన్నారు సెక్రటరీ.

అబ్బాయి ఈమధ్య అమెరికా నుంచి ఫోనులో కృత్రిమ మేధ యాప్ ఒకటి పెట్టించాడు. జీవితానికి అర్థమేమిటని అడిగితే మూడు సెకన్లలో ఏడు పాయింట్లు ఇచ్చిందట. ఆ రోజంతా ఆయన అన్నం సరిగా తినలేదు. "ఫైలు తిరగేయకుండా వెంటనే శాంక్షన్ చేసేస్తే ఎలాగండీ? ఇన్‌స్పెక్షన్ వద్దూ?" అని నా దగ్గర వాపోయారు. జవాబు దొరుకుతుందేమోనని ఆయన భయపడటం నేను చూడటం అదే మొదలు. ప్రశ్న తీరిపోతే రేపట్నించి ఏ కోర్సుకి వెళ్లాలి, ఎవరికి లిఫ్టు తప్పించాలి?

ఆ దిగులు చూడలేక నచికేతుడి కథ ఎత్తాను. కఠోపనిషత్తు కుర్రాడు. యముడి గుమ్మంలో మూడు రాత్రులు అన్నం నీళ్లూ లేకుండా కూర్చుని, చావు తర్వాత ఏముందో చెప్పమన్నాడు. యముడు ఆ ఒక్కటీ అడగొద్దని బతిమాలాడు. నూరేళ్లు బతికే కొడుకులు, మనవలు, ఏనుగులు, బంగారం, విశాలమైన భూమి, కోరినంత ఆయుష్షు ఇస్తానన్నాడు. పిల్లాడు అన్నీ వద్దన్నాడు.

"మీరైతే ఏం చేసేవారండీ?" అన్నాను.

పరమార్థం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆయుష్షు తీసుకుంటానండీ. ఆయుష్షంటూ ఉంటే ప్రశ్న తర్వాత నిదానంగా అడగొచ్చు కదా." కళ్లజోడు పెట్టుకుని కాస్త ముందుకు వంగారు. "ఇందాక భూమి అన్నారే, దానికి లింకు డాక్యుమెంట్లు ఉన్నాయంటారా?"